షాంఘైలో మొహమాటపడితే

షాంఘై వెళ్తున్నానని చెప్పగానే ఇంట్లో అందరూ దొంగల గురించే జాగ్రత్తలు చెప్పారు. అక్కడ రాత్రి పదింటికి మెట్రో దిగి ఒక్కడినే హోటల్‌కి నడిచినా నాకు భయం వేయలేదు. డబ్బు పోయింది పట్టపగలు, అదీ నా మొహమాటం వల్ల.

నాన్‌జింగ్ రోడ్డులో ఇద్దరు అమ్మాయిలు ఫోటో తీసిపెట్టమని ఫోన్ చేతికిచ్చారు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతున్నారు, ఇండియా అంటే ఇష్టమన్నారు, పక్క సందులోనే మంచి టీ రుచి చూపిస్తారు రమ్మన్నారు. రానంటే ఏమనుకుంటారో అని వెళ్లాను. కిటికీ లేని చిన్న గది, బొటనవేలంత కప్పుల్లో ఆరు రకాల టీ, చివర్లో 1,200 యువాన్ల బిల్లు. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి జరుగుతున్న మోసమే ఇదని తర్వాత తెలిసింది. ఎవరైనా అలా పిలిస్తే ‘బూ యావ్’, అంటే వద్దు, అనేసి ఆగకుండా నడవండి. ఎవరూ తప్పు పట్టరు. ఇరుక్కుంటే పోలీసు నంబరు 110, అంబులెన్స్‌కి 120.

నన్ను ఎక్కువగా హడలెత్తించినవి మాత్రం ఎలక్ట్రిక్ స్కూటర్లు. చప్పుడుండదు, ఫుట్‌పాత్ మీదికీ వచ్చేస్తాయి. పైగా అక్కడ బళ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు మనం అలవాటుగా కుడికి చూస్తాం, బండేమో ఎడమ నుంచి వచ్చేస్తుంది. మనకి పచ్చ లైటు పడినా కుడికి తిరిగే కార్లు వస్తూనే ఉంటాయి, రెండు వైపులా చూసుకోండి.

పాస్‌పోర్ట్ దగ్గరే ఉంచుకోండి. హోటల్లో దిగితే పోలీసు రిజిస్ట్రేషన్ వాళ్లే చూసుకుంటారు, తెలిసినవాళ్లింట్లో ఉంటే మాత్రం 24 గంటల్లోపు మనమే చేయించుకోవాలి. ఫోన్‌తో డబ్బు కట్టే అలీపే యాప్‌లో మన బ్యాంకు కార్డు ఇక్కడే కలిపేసుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

చివరి రోజు ఆఫీసులో కలిసి పనిచేసినాయన వాళ్లింటికి భోజనానికి పిలిచారు. పూతరేకుల డబ్బా తీసుకెళ్లి, మన పద్ధతిలో కుడిచేత్తో ఇచ్చాను. వాళ్లమ్మగారు రెండు చేతులూ చాపి అందుకున్నారు. అది చూశాక ఆవిడ ఏది ఇచ్చినా నేనూ రెండు చేతులతోనే తీసుకున్నాను. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదని ముందే తెలుసు, చనిపోయినవాళ్లకి వెలిగించే అగరొత్తుల్లా ఉంటాయని వాళ్లకి పట్టింపు. టీ కప్పు నిండా పోయకపోవడమే అక్కడ మర్యాదట. నాది సగమయ్యేసరికి ఆవిడ మళ్లీ పోస్తూనే ఉన్నారు, ఆ సాయంత్రం ఎన్ని కప్పులు తాగానో.