40 సెంట్లు, 200 వంగ మొక్కలు

గజపతినగరం దగ్గర చంపావతి పక్కన మాకున్నది 40 సెంట్లు. ఇసక పాలు ఎక్కువున్న నేల, నీళ్లు నిలవవు. నాలుగేళ్లుగా మందు కొట్టకుండా కూరగాయలు పండిస్తున్నాను. పోయినేడు వంకాయల్లో సగానికి సగం పుచ్చులే. కొమ్మ, కాయ తొలిచే పురుగు. కషాయాలు మార్చి మార్చి కొట్టినా ఆగలేదు. పురుగు లోపలికి దూరాక పైన ఎంత తడిపితే ఏం లాభం? అందుకే ఈ ఏడాది చేత్తో తుంచడమే పని అనుకున్నాను.

ఆరుద్ర కార్తెలో నారు పోసి, పుష్యమిలో నాటాను. వరసకీ వరసకీ రెండున్నర అడుగులు, మొక్కకీ మొక్కకీ రెండడుగులు. గోతికి రెండు దోసిళ్ల పాత గత్తం, అంటే పశువుల ఎరువు. మాగని గత్తం వేస్తే వేరుపురుగు పడుతుందని మా అత్తమ్మ పట్టుబట్టి పాతదే వేయించింది. రెండు బళ్ల గత్తం పక్క చేను మావయ్య ఇచ్చాడు. 40 సెంట్లకి జీవామృతం కొలత నాకు ఇలా కుదిరింది: 80 లీటర్ల నీటికి 4 కిలోల ఆవుపేడ, 4 లీటర్ల మూత్రం, 800 గ్రాముల బెల్లం, 800 గ్రాముల సెనగపిండి, మా గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో రెండు రోజులుంచి, పొద్దుటా సాయంత్రం కర్రతో కలపాలి. పదిహేను రోజులకోసారి మొదళ్లలో పోస్తున్నాను.

నాటిన మూడు వారాలకి మొదటి కొమ్మ తల వాలింది. తెల్లవారి ఐదున్నరకి బయల్దేరాలి, ఆలస్యం పనికిరాదు. ఎండెక్కితే ఆరోగ్యంగా ఉన్న కొమ్మ కూడా కాస్త వాలుతుంది, ఏది పురుగు పట్టిందో తెలీదు. చల్లని పూట వాలి ఉన్నదంటే అది తొలిచిన కొమ్మే. చిన్న రంధ్రం, దాని మూతికి తడి పొట్టు ఉంటాయి. ఆ రంధ్రానికి అంగుళం కిందకి తుంచి, సబ్బునీళ్ల బకెట్లో ముంచాలి. గట్టు మీద పారేస్తే పురుగు బయటికొచ్చి రాలిన ఆకుల్లో గూడు కట్టుకుంటుంది, మళ్లీ రెక్కల పురుగై మన తోటకే వస్తుంది. పోయినేడు నేను గట్టు మీదే పారేశాను.

మొదటి రోజు 31 తలలు. రోజు విడిచి రోజు తిరిగితే 17, ఆ తరవాత 9, ఆపైన 4. మఖలో మూడు రోజులు ముసురు పట్టి తోటలోకి దిగలేదు. నాలుగో రోజు ఏకంగా 22! ఆ రోజు నుంచి గొడుగేసుకునైనా వెళ్తున్నాను. మావయ్య గట్టు మీద నిలబడి, "ఏటి మేస్టారూ, పొద్దున్నే పురుగులు లెక్కెడతన్నారా?" అన్నాడు. అవును మావయ్యా, లెక్క రాస్తేనే తగ్గిందో పెరిగిందో తెలుస్తోంది అని పుస్తకం చూపించాను. ఆడ పురుగు వాసన ఎరగా పెట్టి రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు నాలుగు పెట్టాను, మొక్క తలకన్నా జానెడు ఎత్తులో. ఎర నెలకోసారి మార్చాలి. వాటిలో పడేవి మగ పురుగులే కాబట్టి బుట్టలు పెట్టాం కదా అని తుంచడం మానకూడదు.

మిగతా తోట సంగతి. బెండలో పసుపుపచ్చగా ఈనెలు తేలిన మొక్కలు కనిపించగానే పీకేశాను, అది తెల్లదోమ తెచ్చే తెగులు. మిగిలినవి రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతున్నాయి. బరబాటీలు (అలసంద కాయలు) బాగా కాశాయి. ఆనప పాదుకి పిందె నిలవడం లేదు. ఆ పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. చీకటి పడేవేళ లాంతరుతో వెళ్లి మగపువ్వు తెంపి ఆడపువ్వుకి రాస్తే నిలుస్తున్నాయి. మా అమ్మాయికి ఇది ఇష్టమైన పని. చిక్కుడు మాత్రం పందిరంతా కమ్మేసి పూతే లేదు. నాటు చిక్కుడు ఎప్పుడు పెట్టినా పగటి పొద్దు చిన్నదయ్యాకే పూస్తుంది, తొందరపడి మొక్క పీకేయవద్దు.

ఆ పందిరిని ఛాతీ ఎత్తులోనే వేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా నాన్నగారి తలెత్తు పందిరి, వెదురు గుంజలతో సహా, పక్క చేలో పడింది. ఆ తరవాత రాతి స్తంభాలు పాతి, ఇనప తీగ లాగాం. చిత్త, స్వాతి కార్తెల్లో తుపాను వార్త వినగానే ముదురు కాయలన్నీ కోసేస్తాను, బరువు తగ్గితే పందిరి నిలబడుతుంది.

వంకాయ కోతలు ఉత్తర కార్తెలో మొదలయ్యాయి. మొన్నటి కోతలో 11 కిలోలు, అందులో పుచ్చులు కిలోలోపే. ఇంటికి కొన్ని, బడిలో తోటి మాస్టార్లకి కొన్ని, మిగిలినవి సంతకి. లేతవి నాలుగు అత్తమ్మ కుంపటి మీద కాల్చి, చింతపండు, పచ్చిమిర్చి వేసి పచ్చడి చేసింది. నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఇప్పుడు విత్తనం పని. తోటలో పురుగు తక్కువ పట్టి, ఎక్కువ కాసిన మొక్కలు మూడు గుర్తుపెట్టుకున్నాను. ఒక్కో మొక్కలో ఒక కాయకి ఎర్ర గుడ్డపీలిక కట్టాను. అవి పసుపెక్కి ముదిరేదాకా ఎవరూ కోయవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను, సంతకి కాయలు కోసే పిల్లాడికైతే చేయి పట్టుకెళ్లి మరీ చూపించాను.