ఈగల ల్యాబ్‌లో ఒక తరం దాటించడం: టెక్నీషియన్‌గా నా అనుభవం

పరిణామం మీద పనిచేసే ఈగల ల్యాబ్‌లో టెక్నీషియన్ క్యాలెండర్ వారాల్లో కాదు, తరాల్లో నడుస్తుంది. నేను చూసే డ్రోసోఫిలా మెలనోగాస్టర్ (పండ్ల మీద వాలే చిన్న ఈగ) జనాభాలకు, అంటే విడివిడిగా పెంచే ఈగల గుంపులకు, తరం అంటే 21 రోజులు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పెట్టిన పదో రోజుకల్లా ఈగలు బయటికి రావడం మొదలవుతుంది. మరి మిగతా పదకొండు రోజులు ఎందుకు? ఆలస్యంగా వచ్చే ఈగలకు కూడా గుడ్లు పెట్టే వంతు దక్కాలని. ముందొచ్చినవాటిని పట్టుకుని తర్వాతి తరం మొదలుపెడితే పని త్వరగా తెమిలిపోతుంది గానీ, వేగంగా ఎదిగే ఈగల్ని మనమే ఏరినట్టవుతుంది. ప్రతి తరంలోనూ అలాగే చేస్తే చివరికి ఫలితంగా బయటపడేది టెక్నీషియన్ తొందరే. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ భయంలోంచి పుట్టినవే.

ముందు తిండి. లీటరు నీటికి అగార్ (తిండిని గడ్డకట్టించే సముద్రపు నాచు పొడి) 8 గ్రాములు, మొక్కజొన్న పిండి 80, పంచదార 40, గ్లూకోజ్ 20, ఈస్ట్ 15. అగార్ మరిగి పూర్తిగా కరిగాకే మిగతావి వేస్తాను. పిండిని లెక్కలో ఉన్న నీళ్లలోంచే కొన్ని తీసి చల్లగా జారుగా కలుపుకుని పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. అడుగంటకుండా తిప్పుతూ బుడగలు వచ్చాక మరో పది నిమిషాలు ఉడికిస్తాను. దించి, థర్మామీటర్ 60 చూపించేదాకా ఆగి, అప్పుడు ప్రొపియోనిక్ ఆమ్లం 4 మి.లీ., ఆల్కహాల్‌లో కరిగించిన మిథైల్ పారాబెన్ 1 గ్రాము కలుపుతాను. ఈ రెండూ బూజు పట్టకుండా ఆపేవి. మరుగుతున్నప్పుడే ఆమ్లం పోస్తే ఆవిరై మన ముక్కు మండిస్తుంది తప్ప తిండిలో సరిగ్గా నిలవదు. ఆల్కహాల్ ఉంది కాబట్టి పొయ్యి దగ్గర అసలు వద్దు. అలాగని మరీ చల్లారనిస్తే గిన్నె అంచుల వెంట గడ్డకట్టి, ఈగల్ని పెంచే చిన్న గాజు సీసాల్లో, అంటే వయల్స్‌లో, ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా పడుతుంది.

వయల్‌కి 6 మి.లీ. చొప్పున పోసి, పలుచని గుడ్డ కప్పి రాత్రంతా వదిలేస్తాను. వేడి మీదే దూది బిరడా పెడితే ఆవిరి గోడలకు నీటి బొట్లుగా పట్టి ఈగలు అంటుకుని చస్తాయి. రెండు రోజులు అలాగే మరిచిపోతే తిండి ఎండి గాజు గోడ నుంచి విడిపోతుంది. ఆ సందులోకి దూరిన ఈగ మళ్లీ రాదు. ఇంకో మాట: ఎంపిక జనాభాకీ (ఏదో ఒక లక్షణం కోసం తరతరాలుగా ఏరుతూ వచ్చేది), దానికి జోడీగా, ఆ ఏరడం లేకుండా పోలిక కోసం పెంచే కంట్రోల్‌కీ ఒకే గిన్నెలో వండిన తిండి వెళ్లాలి. ఏ వంటా అచ్చంగా ఇంకో వంటలా కుదరదు.

అసలు ఓపిక కావాల్సింది గుడ్ల లెక్క దగ్గర. 18వ రోజున ఈగల్ని పంజరంలోకి వదిలి, తిండి ప్లేటు మీద చిక్కటి ఈస్ట్ ముద్ద పెడతాను. ఈస్ట్ తిన్న ఆడ ఈగ బాగా గుడ్లు పెడుతుంది. 20వ రోజు సాయంత్రం తాజా ప్లేటు పెడితే మర్నాటికి గుడ్లు సిద్ధం. మైక్రోస్కోపు కింద గుడ్డు అర మిల్లీమీటరు పొడవున, తెల్లటి బియ్యపు గింజలా ఉండి, ఒక కొనన రెండు సన్నటి కొమ్ములు కనిపిస్తాయి. తడిపిన సన్న బ్రష్‌తో తీసి, చిన్న అగార్ ముక్క మీద 70 లెక్కపెట్టి, ఆ ముక్కను తిండికి ఆనేలా వయల్లో జారవిడుస్తాను. జనాభాకు 40 వయల్స్.

మెడ లాగేసరికి కంటి అంచనాతో వేసేయాలనిపిస్తుంది. 70కి బదులు 150 పడితే ఇరుకులో పెరిగిన లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పురుగులు) ఆలస్యంగా ప్యూపా (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే గూటి దశ) అవుతాయి, ఈగలు చిన్నగా వస్తాయి. ఆ తేడా జన్యువులదా, ఇరుకుదా అని తర్వాత ఎవరూ విడదీయలేరు. ఇద్దరం లెక్కపెడుతుంటే చెరో జనాభా పంచుకోం. ప్రతి జనాభాలోనూ చెరి సగం వయల్స్ తీసుకుంటాం. ఒకరి చెయ్యి కాస్త ఉదారమైనా అన్ని జనాభాలకూ సమానంగా పంచుకుపోతుంది.

జతకట్టించే ప్రయోగాలుంటే వర్జిన్, అంటే ఇంకా జతకట్టని, ఆడ ఈగలు కావాలి. పొద్దున్నే వయల్లోని ఈగలన్నీ దులిపేస్తాను. బిరడా అడుగున ఒక్క మగది నక్కినా ఆ రోజు శ్రమ వృథా. అలా దులిపాక, 25 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటల లోపు బయటికొచ్చిన ఆడవి ఇంకా జతకట్టి ఉండవు. అప్పుడే పుట్టినదాని ఒళ్లు పాలిపోయి ఉంటుంది, పొట్ట చర్మం లోంచి నల్లటి చుక్క ఒకటి కనిపిస్తుంది. కొత్తవాళ్లు మగవాటిని పొట్ట చివరి నలుపుతో గుర్తుపట్టబోయి తప్పు చేస్తారు. లేత మగ ఈగకు ఆ నలుపు ఇంకా రాదు. ముందు కాళ్ల మీది నల్లటి దువ్వెన చూడాలి. కార్బన్ డయాక్సైడ్ మత్తులో ఎక్కువసేపు ఉంచకూడదు. మత్తు దిగేదాకా వయల్‌ని పడుకోబెట్టి ఉంచితే ఈగలు తిండికి అతుక్కోవు. పది చొప్పున వయల్లో వేసి నాలుగు రోజులు చూస్తాను. గుడ్లు కనిపిస్తే కంగారు లేదు, వర్జిన్లు కూడా గుడ్లు పెడతాయి. లార్వా పాకిందా, వాటిలో ఏదో ఒకటి జతకట్టినట్టే, ఆ వయల్ మొత్తం పారేయడమే.

బ్యాక్టీరియాతో పరిణామ ప్రయోగాలు చేసేవాళ్లను చూస్తే అసూయ కలుగుతుంది. 1988లో రిచర్డ్ లెన్‌స్కీ మొదలుపెట్టిన 12 ఈ. కోలి జనాభాలను ప్రతి 500 తరాలకోసారి గడ్డకట్టించి దాస్తూ వచ్చారు. ఏదైనా చెడితే పాత సీసా కరిగించుకోవచ్చు. మామూలు ఈగల ల్యాబ్‌కి ఆ సౌకర్యం లేదు. జనాభాలు కలిసిపోతే అంతే. అందుకే బల్ల మీద ఒకేసారి రెండు జనాభాలు తెరవను. కింద పడిన ఈగను, ఎక్కడిదో కచ్చితంగా తెలిసినా సరే, వెనక్కి వేయను. బయటి నుంచి వచ్చిన ఈగల స్టాక్‌ను వేరే ఇంక్యుబేటర్లో (ఒకే ఉష్ణోగ్రత నిలిపే పెట్టె) కనీసం రెండు తరాలు పెంచి, ప్యూపాల మీద, బిరడాల మీద తెల్లటి నలుసుల్లాంటి మైట్లు అనే చిన్న పురుగులు పాకుతున్నాయేమో చూశాకే లోపలికి రానిస్తాను.

వయల్ మీద జనాభా, తరం, తేదీ, వయల్ నంబరు పెన్సిల్‌తో టేపు మీద రాస్తాను, ఎందుకంటే బల్ల తుడిచే ఆల్కహాల్ తగిలితే మార్కర్ రాత మాయమవుతుంది. ఇంక్యుబేటర్ డిస్‌ప్లే 25 అంటున్నా పై అరకీ కింది అరకీ తేడా ఉంటుంది. ట్రేలు రోజూ ఒక అర కిందికి దించుతాను. అట్టడుగుది పైకి వెళుతుంది. మార్చడం మరిచిపోయిన రోజు ఉంటే అది కూడా పుస్తకంలో తేదీ వేసి రాస్తాను.