నొప్పి తగ్గాక మిగిలిన నెలలు

హనుమకొండలో కబడ్డీ ఆడుతున్న మా మేనల్లుడు కూతకు వెళ్ళి వెనుదిరిగే క్షణంలో, పాదం నేలకు ఆని ఉండగానే మోకాలు లోపలికి మెలితిరిగి పడిపోయాడు. లోపల ఏదో టప్పుమన్నట్టు వినిపించిందని చెప్పాడు. ఎమ్మారై తీస్తే, మోకాలి నడుమ తొడ ఎముకను కింది కాలి ఎముకతో పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (ఎముకలను కలిపే పట్టీ) పూర్తిగా తెగిందని తేలింది. తొడ వెనుక టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కణజాలాన్ని తీసి, నాలుగు మడతలు చేసి, దాని స్థానంలో అమర్చారు. పదో వారంలో వాడు మా ఇంటి మెట్లు చకచకా ఎక్కి వచ్చి, "మామా, నొప్పే లేదు, ఇంకెందుకు ఆగుడు?" అని అడిగాడు. ఇంజనీరింగ్ విద్యార్థులకు పదార్థాల బలం బోధించే నన్ను ఆ ప్రశ్న భయపెట్టింది.

కొత్తవాడలో మా నాన్నగారు జంపఖానా నేసేందుకు పడుగు బిగించేటప్పుడు మొదట చేతికి బరువు తెలిసేది కాదు. వదులుగా ఉన్న దారాలన్నీ తిన్నగా అయ్యాకే బిగువు ఒక్కసారిగా పెరిగేది. లిగమెంటులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు కూడా విశ్రాంతిలో అలలుగా ముడుచుకొని ఉంటాయి; ఆ అలలు విప్పుకొనేంత వరకు సులువుగా సాగి, తరువాత గట్టిపడి, భారం ఇంకా పెరిగితే కొన్ని కొన్నిగా తెగుతాయి. బయోఇంజనీరింగ్ పరిశోధకుడు సేవియో వూ బృందం 1991లో ప్రచురించిన పరీక్షల ప్రకారం, 22 నుంచి 35 ఏళ్ళ వారి ఏసీఎల్ తెగడానికి సగటున 2160 న్యూటన్లు, అంటే దాదాపు 220 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. అరవై దాటిన వారిలో అది 658 న్యూటన్లే.

మోకాలి లోపలి పక్కన ఉండే లిగమెంట్ తెగితే చాలాసార్లు తానే అతుక్కుంటుంది. ఏసీఎల్ మాత్రం కీలు ద్రవం మధ్యలో ఉండటంతో, తెగిన కొసల నడుమ రక్తం గడ్డకట్టి నిలవదు. కొత్త కణజాలం అల్లుకోవడానికి ఆధారమే దొరకదు. అందుకే టెండన్ అమర్చడం.

నాలుగు మడతల టెండన్ శస్త్రచికిత్స రోజున అసలు ఏసీఎల్ కంటే గట్టిదే. కానీ రక్తప్రసరణ తెగిపోవడంతో దానిలోని కణాలు చాలావరకు చనిపోతాయి. శరీరం పాత కొల్లాజెన్‌ను విప్పి కొత్తది అల్లే ఆ కాలంలో అది బలహీనపడుతుంది. గొర్రెలు, మేకల మీద జరిగిన పరిశోధనల్లో ఆరు నుంచి ఎనిమిది వారాల ప్రాంతంలో బలం అట్టడుగుకు చేరింది. మనుషుల్లో ఈ మార్పు ఇంకా నెమ్మది. వాపు, నొప్పి తగ్గిపోయి కుర్రవాడికి ధైర్యం వచ్చేది సరిగ్గా అప్పుడే.

ఇది విని మా అక్క వాడిని మంచం దిగనివ్వనంది. అదీ తప్పేనని చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న కుందేలు మోకాలిని తొమ్మిది వారాలు కదలకుండా కట్టి ఉంచితే, లోపలి పక్క లిగమెంట్ బలం రెండో కాలితో పోలిస్తే మూడో వంతుకు పడిపోయిందని వూ బృందమే చూపింది; అది ఎముకకు అతుక్కునే చోటు అరిగిపోతుంది, మళ్ళీ కోలుకోవడానికి నెలలు పడుతుంది. పోగులు ఏ దిశలో పేర్చుకోవాలో వాటికి తెలిపేది కొలతగా పడే భారమే.

ఇప్పుడు వాడు రోజూ ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేసి, సాయంత్రం కోర్టు గీత బయట కూర్చొని పిల్లలకు స్కోరు రాస్తున్నాడు. తొమ్మిదో నెల నిండాక రెండు తొడల బలమూ కొలిచి, తేడా చూసి చెబుతామన్నారు.