800 గ్రాముల ఫ్రేము

తైవాన్‌లోని తైచుంగ్‌లో, సైకిల్ ఫ్రేములు తయారుచేసే ఒక కర్మాగారంలో నాణ్యతా తనిఖీ విభాగంలో చేరిన కొత్తలో, 800 గ్రాములు తూగే కార్బన్ ఫ్రేముకు అంత ధర ఎందుకో నాకు బొత్తిగా బోధపడేది కాదు. కార్బన్ నారే ఖరీదైనదేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆ ధరలో నార వాటా చిన్నదే.

నార మాకు రెసిన్ అనే జిగురు పట్టించిన పల్చని చుట్టలుగా వచ్చేది. మామూలు వేడిలో ఉంచితే రెసిన్ మెల్లగా గట్టిపడుతుంది కనుక, ఆ చుట్టలను మైనస్ 18 డిగ్రీల శీతల గదిలో దాచేవారు. ముక్కలుగా కోసేది యంత్రమే అయినా పేర్చేది మాత్రం మనిషే. ఒక్కో ఫ్రేముకు కొన్ని వందల ముక్కలు పడతాయి. ప్రతి ముక్కకూ ఒక అంకె, ఒక చోటు, ఒక కోణం ఉంటాయి. నార తన పొడవు దిశలోనే బలంగా ఉంటుంది, అడ్డంగా లాగితే నిలవదు. అందుకే వంపును తట్టుకోవలసిన పొరలను గొట్టం పొడవునా, మెలికను తట్టుకోవలసిన వాటిని 45 డిగ్రీల ఏటవాలుగా పరుస్తారు.

నా బల్లకు ఎదురుగా కూర్చునే వియత్నాం అమ్మాయి పెడళ్ళ ఇరుసు ఇమిడే చోట ఈ పొరలు పరిచేది. ఫ్రేములో ఎక్కువ బలం పడే చోట్లలో అదొకటి. బొటనవేలితో ఒక్కో ముక్కనూ అదిమి, అంచు దాకా నిమిరి, గాలి బుడగ లేదని నమ్మకం కుదిరాకే రెండోది అందుకునేది. మా ఇద్దరికీ వచ్చీరాని మాండరినే ఉమ్మడి భాష. ముక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఊడదీసి, నాకేసి చూసి, "మళ్ళీ" అనేది.

ఆ తరువాత పేర్చినదాన్ని ఉక్కు అచ్చులో బిగించి, లోపల గాలి సంచిని ఉబ్బించి, గట్టిపడేలా వేడిచేస్తారు. అల్యూమినియం గొట్టాలనైతే కావలసిన పొడవుకు కోసి అతికించవచ్చు. కార్బన్‌కు ప్రతి సైజుకూ వేరే అచ్చు చెక్కించక తప్పదు. మేలురకం ఫ్రేములు అమ్ముడయ్యేది తక్కువ కాబట్టి, అచ్చుల ఖర్చంతా ఆ కొద్దిపాటి ఫ్రేముల మీదే పడుతుంది. పైగా వాటికి వాడే నార మరింత బిరుసుది, అదే సమయంలో పెళుసుది. కాస్త బరువు తగ్గించడానికి మరిన్ని చిన్న ముక్కలు, మరింత ఓపిక కావాలి. బయటికి తీశాక ఉప్పు కాగితంతో రుద్దడానికి పట్టే గంటలు వేరు.

ఒకసారి నేను తనిఖీ కోసం కోయించిన ఫ్రేములో, లోపలి పొర ఒకటి గోరంత మేర ముడతపడి కనిపించింది. ఆ రోజు చేసినవన్నీ పక్కన పెట్టాము. గట్టిపడిన కార్బన్‌ను కరిగించి మళ్ళీ పోత పోయలేము కనుక, చెడిపోయిన వాటి ఖర్చును కూడా బాగున్నవే మోయాలి. సైకిళ్ళ భద్రతకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 ప్రకారం పెడళ్ళ మీద 1,00,000 సార్లు బలం వేసి చూసే పరీక్షకు బలిచేసే ఫ్రేముల సంగతీ అంతే.

పందెపు జట్లకిచ్చే సొమ్ము, ప్రకటనలు, దుకాణాల లాభం కూడా ధరలో కలుస్తాయి. వాటిని ఫ్రేము ఖర్చుగా లెక్కవేయడానికి నాకు మనసొప్పదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నిబంధన పెట్టినా, చివరి 50 గ్రాముల కోసం జనం డబ్బు పోస్తూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోనులో మేము చేసిన ఫ్రేము ధరను నాకు చూపించి, తన జీతంతో ఎన్ని నెలలవుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒక చేతి వేళ్ళు అయిపోయాక నవ్వేసి, ఫోను జేబులో పెట్టుకుని, తరువాతి ముక్క అంకె చూసుకుంది.