పేరు చెక్కిన గ్లాసు

నా పెళ్లికి మా అమ్మ ఇచ్చిన స్టీలు సామానులో ఆరు గ్లాసులున్నాయి. అన్నిటి మీదా నా పేరు, పెళ్లి తేదీ చెక్కించింది. 2019 ఆగస్టులో నాకు టీబీ అని తేలిన రోజు సాయంత్రం మా అత్త వాటిలో ఒకటి తీసి, ఒక కంచంతో పాటు వంటింటి గూట్లో విడిగా పెట్టింది. "నీ పేరుంది కదా, వేరేవాటిలో కలిసిపోదు" అంది. కోపంగా ఏమీ అనలేదు. సామాను సర్దుకుంటూ అన్నట్టే అంది.

ఇప్పుడు రాయగలుగుతున్నానంటే భయం పోయింది కాబట్టే. కోపం మాత్రం ఇంకా కొంచెం ఉంది. దాచుకోను.

మాది ప్రొద్దుటూరు. అప్పట్లో ఒక ప్రైవేటు స్కూల్లో యూకేజీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. జూన్‌లో బడి తెరిచాక కొద్ది రోజులకే దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు జాకెట్టు తడిసేది. మా ఎండలకు చెమట పట్టకుండా ఎవరికుంటుందిలే అనుకున్నాను. ఇంటి దగ్గరి క్లినిక్‌కి వెళితే డాక్టరు నా వైపు సరిగా చూడకుండానే, "టీచర్లకు సుద్దముక్క దగ్గు మామూలేనమ్మా" అని సిరప్ రాశాడు. తర్వాత ఒక యాంటీబయాటిక్, అది తగ్గించకపోతే ఇంకొకటి. మూడోసారి రాసింది లెవోఫ్లాక్సాసిన్. దాంతో జ్వరం తగ్గింది, దగ్గు కూడా సగానికి వచ్చింది. ఆయన చేతికి మంచి గుణముందని నేనే ఇద్దరికి చెప్పాను. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుందనీ, అందుకే జబ్బు లోపల ఉండగానే పైకి తగ్గినట్టు కనిపిస్తుందనీ తర్వాత తెలిసింది. పది రోజులకు మళ్లీ మొదటికొచ్చింది. నెలన్నరలో ఆయన ఒక్కసారి గళ్ల పరీక్ష, అంటే కఫం పరీక్ష, రాసి ఉంటే సరిపోయేది. ఆ చీటీలన్నీ ఇప్పటికీ ఫైల్లో పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

ఆ పరీక్ష మాట ఎత్తింది డాక్టరు కాదు, మా బడి ఆయా. ఒకరోజు నేను ఉమ్మిన దాంట్లో ఎర్రటి చార చూసి, "మా ఆయనకూ ఇట్లే ఉండె మేడం, సర్కారాసుపత్రికి పోయి గళ్ల చూపించుకో" అంది. వెళ్లాను. ఎక్స్‌రే, మూత ఉన్న చిన్న డబ్బాలో పొద్దున లేవగానే వచ్చిన కఫం, మిషన్ పరీక్ష అన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. టీబీ ఉంది, కానీ మందులకు లొంగే రకమే అన్నారు. అప్పుడు నా బరువు 41 కిలోలు.

అసలు చెప్పాల్సింది ఆ రాత్రి గురించి.

సాయంత్రం మా తోడికోడలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. నాకంటే చిన్నది, అక్కా అక్కా అంటుంది. అంతా విని, "ముందే చూపించుకుని ఉంటే పాపనైనా దూరం పెట్టుకునేదానివి కదక్కా" అంది. నేను ఫోన్ పెట్టేశాను. తిట్టి ఉంటే ఎదురు తిట్టేదాన్ని. ఆ మాట అబద్ధమైతే కదా తిప్పికొట్టడానికి.

మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. నా మెడలో ముఖం దూర్చి పడుకునే అలవాటు. ఆ రాత్రి దాన్ని మా ఆయనా అత్తా హాల్లో పడుకోబెట్టుకున్నారు, నన్ను గదిలో ఉండమన్నారు. ఏసీ వేస్తాం కాబట్టి ఆ గది కిటికీ తెరిచి ఏళ్లయింది. రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయి కూడా. మంచం మీద కూర్చుని లెక్కపెట్టాను. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఆరు వారాలకు పైనే. రోజూ రాత్రి ఎనిమిది గంటలు. మూసిన గది. అందులో నా దగ్గు, దాని ఊపిరి.

ఒంటిగంటకో ఎప్పుడో హాల్లో పాప దగ్గింది. ఒక్కసారే. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను కానీ తియ్యలేదు. తీస్తే నా గాలి బయటికి పోతుందేమో అనిపించింది. చెవి తలుపుకు ఆనించి నిలబడ్డాను. ఇంకోసారి దగ్గితే వచ్చేసినట్టే అనుకున్నాను. అది దగ్గలేదు, నిద్రలో "మా" అంది. మా ఆయన జోకొడుతున్న చప్పుడు వినబడింది. నాకు దగ్గు తన్నుకొచ్చింది. దిండు నోట్లో కుక్కుకుని దగ్గాను. అట్లా దగ్గుతూ, ఆపుకుంటూ, తలుపు పక్కనే కింద కూర్చుండిపోయాను. మసీదులో అజాన్ వినబడేదాకా అక్కడే ఉన్నాను. చచ్చిపోతానని ఆ రాత్రి ఒక్కసారి కూడా అనిపించలేదు. దానికి అంటించానా లేదా, అదొక్కటే.

క్లాసులో నలభై మంది పిల్లలు కూడా అప్పుడే గుర్తొచ్చారు. మెయిన్ రోడ్డు హారన్లకని ఆ గది కిటికీలు కూడా మూసే ఉండేవి.

మర్నాడు ఆసుపత్రి నుంచి టీబీ విజిటర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పాత బండి మీద. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గదిలోకి వచ్చి, "ఈ కిటికీ ఎన్నాళ్ల నుంచి మూసుందమ్మా?" అని అడిగాడు. ఎవరం చెప్పలేకపోయాం. మా ఆయనతో స్క్రూడ్రైవర్ తెప్పించి రెక్కల సందున పెట్టి తనే ఊడదీశాడు. రంగు పెచ్చులు మంచం మీద రాలాయి. వంటింట్లో వేరుగా పెట్టిన కంచం, గ్లాసు చూసి అత్తతో, "గిన్నెలు కడుక్కుంటే చాలమ్మా, అంటేది గాలిలో. దగ్గినప్పుడు కంటికి కనపడనంత సన్నటి తుంపర్లు వస్తాయి, మూసిన గదిలో గంటలు గంటలు తేలుతూనే ఉంటాయి. గాలీ ఎండా తగిలితే నిలవవు" అన్నాడు. మాత్రలు సరిగ్గా వేసుకుంటే రెండు మూడు వారాల్లో నేను అంటించడం బాగా తగ్గిపోతుందనీ, అందాకా మాస్కు పెట్టుకుని వేరే గదిలో పడుకోమనీ చెప్పాడు. అత్త తలూపింది. గ్లాసు మాత్రం గూట్లోనే ఉంది.

పాపకు ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదు. అయినా ఐదేళ్లలోపు పిల్లలకు తొందరగా ముదిరే ప్రమాదం ఉంటుందని జబ్బు రాకుండా ఆపే ఐసోనియాజిడ్ మాత్ర రోజూ ఆరు నెలలు ఇవ్వమన్నారు. నా మూడు మాత్రలు పరగడుపున నేను మింగేదాన్ని, దాని మాత్ర నూరి దానికి పట్టించేవాళ్లం. మొదటిరోజు నా మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. మందు రంగేనట. రెండు వారాలు వాంతులు. ఇక దాని గురించి రాయడానికేమీ లేదు.

బడి వాళ్లు "రెస్ట్ తీసుకోండి మేడం" అన్నారు, మళ్లీ పిలవలేదు. నా కుర్చీని ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగించారని ఆయానే చెప్పింది. కిటికీలు తెరిచారా అని అడిగాను. లేదట. తల్లిదండ్రులను నేను తప్పు పట్టలేను, వాళ్ల స్థానంలో నేనున్నా భయపడేదాన్నే. కానీ కుర్చీని చూసి భయపడటమేమిటి? దగ్గుతున్న పిల్లలను పరీక్షకు పంపండని ఆ విజిటరే వెళ్లి చెప్పాడు. ఎవరికీ రాలేదని తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు.

మా అవ్వ అన్నకు పెళ్లి కాకముందే ఈ జబ్బు వచ్చిందని అప్పుడే బయటపడింది. ఆయన్ని మదనపల్లె శానిటోరియంలో, అంటే టీబీ రోగులను ఉంచే ఆసుపత్రిలో, చాలా నెలలు ఉంచారట. అడిగినవాళ్లకు "ఊరికి పోయినాడు" అని చెప్పేవాళ్లట. నాకు మాత్రం ఇంట్లోనే వైద్యం ఎందుకు చేస్తున్నారా అని తర్వాత చదివాను. 1956లో మద్రాసులో పేద రోగులను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో, మిగిలినవాళ్లను వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ అంత బాగానే నయమైంది. వాళ్ల ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా అంటిందీ లేదు. అంటే నేను పుట్టకముందే తేలిపోయిన సంగతి ఇది. మా వీధి దాకా రావడానికే అరవై ఏళ్లు పట్టింది.

అవ్వ ఫోన్‌లో ఇంకో మాట అంది. "చంద్రుడికే క్షయ వచ్చె, నీకొస్తే ఏమే? దక్షుడు శాపం పెట్టినా పున్నమి రాకుండా పోయిందా?" అప్పుడు మాత్రం నవ్వొచ్చింది.

అత్త గురించి ఒకవైపే చెబితే అన్యాయం. ఆ శ్రావణంలో శనివారాలన్నీ నా కోసం ఒక్కపొద్దు ఉంది. గండి ఆంజనేయస్వామి దగ్గరికి మోకాళ్ల నొప్పులతో వెళ్లి వచ్చింది. రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టేది. శనివారాలు కూడా, తను ముట్టకుండా నాకు మాత్రం. అప్పట్లో నెలకు ప్రభుత్వం టీబీ రోగులకు వేసే 500 రూపాయలతో వేరుశనగలు తెప్పించి ఉండలు చేసేది. ఆ ఉండలు పెట్టేది మాత్రం నా కంచంలోనే.

దసరా నాటికి రెండు నెలలు. గళ్లలో క్రిమి లేదన్నారు. మా ఊరి దసరా తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అమ్మవారిశాల దగ్గర జనంలో పాపను ఎత్తుకుని నిలబడ్డాను. మాస్కు పెట్టుకున్నది నేనొక్కదాన్నే. అందరూ నా ముఖమే చూశారు. ఫిబ్రవరిలో మాత్రలు ముగిశాయి. బరువు 49. మార్చిలో దేశమంతా మాస్కులే. తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, ఏ మాస్కు మంచిది?" అని అడిగింది. చెప్పాను. కూరగాయలు ఉప్పునీళ్లలో కడుగుతున్నానంది. కిటికీలు తెరిచి పెట్టుకోమన్నాను. దోమలు వస్తాయంది.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే సిరప్ మార్చుకుంటూ కూర్చోకండి, గళ్ల చూపించుకోండి. సర్కారాసుపత్రిలో డబ్బులేమీ తీసుకోరు. మాత్రలు మొదలుపెడితే, నెలకే బాగైపోయినట్టున్నా ఆపకండి.

ఆ గ్లాసు గూట్లోంచి ఎప్పుడు కిందికి దిగిందో నేను గమనించలేదు. ఇప్పుడది బియ్యం డబ్బాలో ఉంది. అత్త రోజూ దాంతోనే ముగ్గురికీ, పాపకూ కలిపి రెండున్నర గ్లాసులు కొలిచి పోస్తుంది.