సేబర్‌కీ గాదంకి లైడార్‌కీ లెక్క ఎందుకు కుదరదు

శాటిలైట్ ఇచ్చిన పై గాలి టెంపరేచర్‌ని నేల మీది పరికరంతో పోల్చిన పేపర్లలో ఒక మాట చూస్తే నాకు చిరాకు: "రెండూ బాగా సరిపోయాయి". ఏ ఎత్తులో సరిపోయాయి, ఎన్ని గంటల తేడాతో, ఎన్ని వందల కిలోమీటర్ల ఎడంతో అన్నది ఎక్కడో మధ్యలో ఒక్క లైన్లో పడేస్తారు. అసలు సంగతంతా ఆ లైన్లోనే ఉంటుంది.

నేను కొన్నాళ్లు కుస్తీ పట్టిన డేటా కాబట్టి, తిరుపతి దగ్గరి గాదంకి సంగతే చెప్తాను. అక్కడి నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీలో 1998 నుంచి రేలీ లైడార్ ఉంది. 532 నానోమీటర్ల పచ్చ లేజర్‌ని నిట్టనిలువుగా పైకి వదిలి, గాలి అణువులకి తగిలి వెనక్కి వచ్చిన కాస్త వెలుగునీ 75 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో పట్టి, ఫోటాన్లు లెక్కపెడతారు. సుమారు 30 కిలోమీటర్లు దాటాక దుమ్మూ ధూళీ బెడద ఉండదు కాబట్టి, దూరం లెక్క సరిచేశాక వచ్చిన ఫోటాన్లని బట్టి గాలి ఎంత చిక్కగా ఉందో చెప్పొచ్చు, ఆ చిక్కదనం ఎత్తుతో పాటు ఎలా పలచబడుతోందో చూసి టెంపరేచర్ కట్టొచ్చు.

రెండో వైపు నాసా వాళ్ల టైమ్‌డ్ ఉపగ్రహం మీదున్న సేబర్ అనే పరికరం. 2001 డిసెంబర్‌లో రెండేళ్ల పనికని పంపితే ఇరవై ఏళ్లు దాటి పనిచేసింది. ఇది కిందికి చూడదు, పక్కకి, భూమి అంచు వైపు చూస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రోమీటర్ల దగ్గర వెదజల్లే ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని కొలిచి దాన్నుంచి టెంపరేచర్ తీస్తుంది. అంటే దాని చూపు వెళ్లే దారిలో రెండు మూడు వందల కిలోమీటర్ల గాలి మొత్తం కలిసిపోయి ఒక్క విలువగా వస్తుంది. లైడార్ కిరణం 80 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లినా కొన్ని మీటర్ల వెడల్పే. ఒకటి ఊరంతటి సగటు చెప్తుంటే ఇంకొకటి ఒక్క ఇంటి వాకిలి సంగతి చెప్తోంది, రెండూ ఒక్కటి కాలేదని కంగారుపడితే ఎలా?

అది ఎత్తుల్లోనూ కనిపిస్తుంది. 70-80 కిలోమీటర్ల మధ్య మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లబడాలి, కానీ కొన్ని రాత్రులు అక్కడ ఉన్నట్టుండి వేడి పెరిగిన పొర ఒకటి కనిపిస్తుంది, ఇన్వర్షన్ అంటాం. లైడార్‌లో అది పదునుగా, పదుల డిగ్రీల ముక్కులాగా నిలబడి ఉంటుంది. సేబర్ నిలువునా రెండు కిలోమీటర్ల కంటే సన్నగా చూడలేదు, అడ్డంగా చూసేది ఇందాక చెప్పినంత, కాబట్టి అదే పొర చాలాసార్లు అక్కడ గుండ్రటి గుట్టలా తేలుతుంది. రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద గీసి తేడా తీస్తే ముక్కు దగ్గర పెద్ద "ఎర్రర్" వస్తుంది. అది ఎర్రర్ కాదు. లైడార్ ప్రొఫైల్‌ని, అంటే ఎత్తు వెంబడి గీసిన టెంపరేచర్ గీతని, ముందు సేబర్ చూపుకి తగ్గట్టు నునుపు చేసి అప్పుడు పోల్చాలి, ఆ పని చేయకుండా ఇచ్చిన అంకెల్ని నేనైతే పట్టించుకోను.

ఇక టైమ్ గొడవ. ఉపగ్రహం రోజుకి దాదాపు 15 చుట్లు తిరుగుతుంది, ఒక దారికీ పక్క దారికీ మధ్య 24 డిగ్రీల లాంగిట్యూడ్ ఎడం, మన దగ్గర అది రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. పైగా అది మన మీదుగా వెళ్లే లోకల్ టైమ్ రోజుకి 12 నిమిషాల చొప్పున జరుగుతూ ఉంటుంది. లైడార్ రాత్రే పనిచేస్తుంది, అదీ మబ్బు లేకపోతేనే. గాదంకికి నైరుతి వానలూ ఉన్నాయి, ఈశాన్యం వానలూ ఉన్నాయి. కాబట్టి వాన నెలల్లో రాత్రుళ్లు తక్కువ, వేసవి ముందు నెలలవే ఎక్కువ, "ఏడాది సగటు తేడా" అని రాసినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. సముద్రంలో లాగే పై గాలిలోనూ ఆటుపోట్లు ఉంటాయి, ఎత్తుకి వెళ్లేకొద్దీ పెరుగుతాయి, 85-90 కిలోమీటర్ల దగ్గర నాలుగైదు గంటల తేడా ఉంటే టెంపరేచర్ నిజంగానే చాలా డిగ్రీలు మారిపోవచ్చు. అప్పుడు ఎవరిది తప్పు?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం పై అంచు. లైడార్ లెక్క పైనుంచి కిందికి దిగుతూ కడతారు, మొదలుపెట్టడానికి పైన ఒక టెంపరేచర్ కావాలి, దాన్ని ఏదో మోడల్ నుంచి, అంటే పై గాలి ఎలా ఉంటుందో ముందే కట్టిపెట్టిన అంచనా నుంచి, తెచ్చి పెడతారు. అక్కడ 20 డిగ్రీల తేడా ఉన్నా 15 కిలోమీటర్లు దిగేసరికి రెండు మూడు డిగ్రీలకి తగ్గిపోతుంది, నిజమే, కానీ పైనున్న ఆ మొదటి కిలోమీటర్లలో మనం చూసేది చాలావరకు మోడల్‌నే. సేబర్ సంగతి? 70 కిలోమీటర్లు దాటాక గాలి పలచబడి అణువుల గుద్దులాటలు తగ్గుతాయి, వెలుగుకీ టెంపరేచర్‌కీ ఉన్న సూటి సంబంధం పోతుంది, అక్కడ ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని ముందే చెప్పాలి. అందులోనూ మోడల్ చెయ్యి ఉంది. లైడార్ లెక్కకి పై విలువని సేబర్ నుంచే తెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు, తెచ్చుకుని మళ్లీ సేబర్‌తోనే పోలిస్తే సరిపోక చస్తుందా!

తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీలో 2013 నుంచి ఉల్కల రాడార్ కూడా ఉంది. ఉల్క కాలినప్పుడు మిగిలే చార ఎంత త్వరగా చెదిరిపోతోందో చూసి 90 కిలోమీటర్ల దగ్గరి టెంపరేచర్ అంచనా వేయొచ్చు. పగలూ రాత్రీ నడుస్తుంది, మబ్బుతో పని లేదు. రోజు సగటుకి ఇది లైడార్ కంటే నయం అని నా అభిప్రాయం, కాకపోతే దీని లెక్కకీ బయటి నుంచి పీడనం విలువ కావాలి.

ఇంతకీ రెండు మూడు డిగ్రీల తేడా కోసం ఇంత రభస ఎందుకంటే, కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ కింద వేడెక్కుతుంటే పైన మీసోస్ఫియర్, అంటే సుమారు 50 నుంచి 85 కిలోమీటర్ల ఎత్తు గాలి పొర, చల్లబడుతోంది, అదీ దశాబ్దానికి ఒకటో అరో డిగ్రీ. పరికరం ఎప్పుడూ ఒకే మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ట్రెండ్‌కి నష్టం లేదు, తీసేయొచ్చు. ఆ మూడు మెల్లగా నాలుగయితేనే టెన్షన్. దాన్ని పట్టుకోవాలంటే నేల మీద ఏళ్ల తరబడి ఒకే తీరున నడిచిన పరికరం కావాలి, లేజర్ ఎప్పుడు మార్చారు, డిటెక్టర్ ఎప్పుడు మార్చారు, మార్చినప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ కొన్ని రాత్రులు పక్కపక్కన నడిపి చూశారా అన్నది డేటాతో పాటే రాసి ఉండాలి. నేను డేటా ఫైల్ తెరవగానే ముందు వెతికేది అదే.