ఆశావాదం మీద ప్రశ్న వస్తే ఏం రాయాలి? తెలుగు ఆప్షనల్‌లో నా పద్ధతి

సివిల్స్ మెయిన్స్‌లో తెలుగుని ఆప్షనల్‌గా (ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకున్నవాళ్లకి తెలుసు, పేపర్-2 ఆధునిక కవిత్వంలో అందరి ఆన్సర్లూ ఒకేలా ఉంటాయి. కష్టాల్లో ఆశ, ఆదర్శం గురించి అడిగితే చాలు, "కవి గొప్ప ఆశావాది" అని మొదలుపెట్టి విశేషణాలు పేర్చేస్తాం. నేను నోట్స్ రాసుకునేటప్పుడు ప్రతి పుస్తకానికీ ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇక్కడ ఆశ దేన్ని పట్టుకుని నిలబడింది?

1941లో వచ్చిన 'గబ్బిలం' చూడండి. మొదటి భాగం మన సిలబస్‌లోదే. మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి కబురు పంపితే, జాషువా కావ్యంలో నాయకుడు తన ఆకలినీ అంటరానితనాన్నీ ఒక గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుతాడు. గుడిలోకి అతన్ని రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాళ్లు లేరు. అక్కడ వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు కాస్త దగ్గరగా ఉంటుంది, "పూజారి లేని వేళ" నా బతుకు సంగతి విన్నవించు అంటాడు. ఈ మూడు మాటల మీద ఒక పేరా నడిపించొచ్చు. దేవుడు వింటాడనే నమ్మకం పోలేదు, మధ్యలో ఉన్న మనిషి విననివ్వడని కూడా అతనికి తెలుసు. సందర్భ సహిత వ్యాఖ్యలో 10 మార్కులకి నేను పట్టుకునే పాయింట్ ఇదే.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అనగానే అందరం "మరో ప్రపంచం" దగ్గరికి పరిగెడతాం. అదే పుస్తకంలో 'బాటసారి' కవిత ఉంది, అందులో అతను ఇల్లు చేరకుండానే దారిలో పోతాడు. 'భిక్షువర్షీయసి'లో ముసలవ్వ చనిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడిగి వెళ్లిపోతుంది, జవాబుండదు. ఆన్సర్‌లో ముందు వీళ్లని రాసి, తర్వాత అదే పుస్తకంలోని 'జగన్నాథుని రథచక్రాలు' కవిత తెస్తే "పతితులార, భ్రష్టులార" అన్న పిలుపు ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రోజున మోటివేషన్ వీడియోల కంటే ఈ అవ్వ కవిత చదువుకోవడమే నాకు నయమనిపించేది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

సిలబస్‌లోని రావిశాస్త్రి నవల 'అల్పజీవి'లో సుబ్బయ్యలో మాత్రం ఆదర్శం వెతక్కండి. భయస్తుడి కథ అది. పోలికకి ఒక వాక్యం చాలు.

సిలబస్‌లో లేకపోయినా కవి దాశరథిని ఒక ఉదాహరణగా దగ్గర పెట్టుకోండి. నిజాం పాలనలో నిజామాబాద్ జైల్లో ఉండగా బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. 1949లో వచ్చిన 'అగ్నిధార'ని ఆ జైల్లో తన తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. 20 మార్కుల ప్రశ్నకి ముగింపులో రెండు లైన్లలో ఇది ఇమిడిపోతుంది.

ఇక కొటేషన్ల టెన్షన్. పద్యం మొత్తం నోటికి రాకపోతే కచ్చితంగా గుర్తున్న రెండు మాటలే రాసి, మిగతా భావం సొంత మాటల్లో చెప్పండి. పాదం తప్పు రాయడం కంటే అది ఎంతో మేలు.